గుత్తయా, మీటరా? – మన సర్వరు ఖర్చును గురించి ఒక మనవి

వార్షిక సంచిక పుటలలో సాహిత్యం, చరిత్ర, సంఘసంస్కరణ వంటి విషయాలపై వ్యాసాలు ప్రకటించడం మన కళాశాల సంప్రదాయం. ఆ సంప్రదాయాన్ని కాదని, జమాఖర్చుల పుస్తకంలో ఒక పద్దుగా మాత్రమే కనిపించే విషయాన్ని ఎన్నుకున్నందుకు పాఠకులు మమ్ములను మన్నింతురు గాక. ఆ పద్దు పేరు సర్వరు అద్దె. అందులో మరల ఒక ఉపపద్దు ఉన్నది. దానిని బ్యాండ్‌విడ్త్ ఖర్చు అంటారు. రాబోయే విద్యాసంవత్సరానికి కళాశాల తరఫున ఒక డెడికేటెడ్ సర్వరును, అనగా ఇతరులతో పంచుకోని ఒక పూర్తి యంత్రాన్ని, డేటా సెంటరులో అద్దెకు తీసుకోవాలని పాలకవర్గం ఆలోచిస్తున్నది. ఆ ఆలోచనను మేము మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాము. అయితే వచ్చిన కొటేషన్లను సరిపోల్చే పద్ధతి విషయంలో మాకు కొంత భిన్నాభిప్రాయం ఉన్నది. దానిని వినయపూర్వకంగా విన్నవించుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గత విద్యాసంవత్సరంలో ప్రవేశాల జాబితా ప్రకటించిన సాయంత్రం జరిగిన సంగతి చాలమందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. అప్పుడు మన వెబ్‌సైటు నెలకు ఇంత అని పరిమితి గల ఒక చౌక పథకంలో ఉండేది. జాబితా పెట్టిన కొద్ది గంటలకే ఆ నెల పరిమితి పూర్తి అయినది. పూర్తి కాగానే సైటు మూతపడినది. మరునాడు ఉదయం కార్యాలయం తెరచి, అదనపు సొమ్ము చెల్లించిన తరువాతగాని అది తిరిగి తెరుచుకోలేదు. పట్టణంలో ఉన్నవారు నోటీసు బోర్డు దగ్గరకు వచ్చి తమ పేర్లు చూసుకున్నారు. ఇబ్బంది పడినవారు దూరాన ఉన్నవారు. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను గలవారు. కళాశాలకు వచ్చి పోవాలంటే తండ్రికి ఒకనాటి కూలి పోయేవారు. ఫీజు గడువును పొడిగించినందువలన ఎవరి సీటూ పోలేదు. కాని ఆ రాత్రి ఎందరి ఇండ్లలో ఎంత ఆందోళన కలిగినదో ఆ ఇండ్లవారికే తెలుసు. తప్పు ఆ సంస్థదని మేము అనడంలేదు. ఒప్పందంలో వ్రాసినదే వారు చేశారు. ఆ ఒప్పందంలో ధర ఒక్కటి చూసి, తక్కిన షరతులు చదవకుండా సంతకం చేసినది మనము.

కనుక ముందుగా మూలవిషయాన్ని తెలుసుకోవడం అవసరం. బ్యాండ్‌విడ్త్ అనే మాట క్రింద రెండు వేరువేరు కొలతలు దాగి ఉన్నవి. మొదటిది వేగం, రెండవది మొత్తం. పొలానికి పోయే కాలువను తలచుకుంటే ఈ భేదం సులభంగా బోధపడుతుంది. కాలువ వెడల్పును బట్టి ఒక క్షణంలో ఎంత నీరు పారగలదో తెలుస్తుంది. నెలంతా పారిన నీరు ఎంత అన్నది వేరొక లెక్క. సర్వరు విషయంలో కాలువ వెడల్పును సెకనుకు ఇన్ని మెగాబిట్లు అనీ, పారిన మొత్తాన్ని నెలకు ఇన్ని గిగాబైట్లు లేక టెరాబైట్లు అనీ చెబుతారు. ఎనిమిది బిట్లు ఒక బైటు. సెకనుకు ఒక్క మెగాబిట్ చొప్పున 30 రోజులు ఎడతెరిపి లేకుండా పారితే మొత్తం 324 గిగాబైట్లు అవుతుంది. ఆ లెక్కన 100 మెగాబిట్ల పోర్టు నెలకు గరిష్ఠంగా 32.4 టెరాబైట్లు మోయగలదు. ఒక కొటేషనులో వేగం, మరొక కొటేషనులో మొత్తం వ్రాసి ఉన్నప్పుడు ఈ గుణకారం చేయనిదే ఆ రెంటినీ పక్కపక్కన పెట్టడం నిరర్థకం.

ఇక ధర కట్టే పద్ధతులు ముఖ్యంగా నాలుగు. విద్యుత్తు మీటరు వలె పంపిన ప్రతి గిగాబైటుకూ వెల కట్టడం ఒకటి. నెలకు ఇంత అని కోటా ఇచ్చి, అది దాటితే ఏదో ఒక చర్య తీసుకోవడం రెండవది. అయిదేసి నిమిషాలకు ఒకసారి వేగాన్ని కొలిచి, ఆ కొలతలను బట్టి బిల్లు వేయడం మూడవది. దీనిని 95వ శతాంశ పద్ధతి అంటారు. మొత్తంతో నిమిత్తం లేకుండా పోర్టు వేగానికే నెలకు ఇంత అని గుత్త కట్టడం నాలుగవది. ఏది మంచిది అని అడగడం కంటె, మన కళాశాల వాడకం ఎటువంటిది, దానికి ఏది తగినది అని అడగడమే సమంజసమని మా అభిప్రాయం.

మన వాడకం స్వరూపాన్ని ఒక ఉదాహరణ రూపంలో చూద్దాము. ఇవి కొలిచి తెచ్చిన అంకెలు కావు. లెక్క తెలియడానికి తీసుకున్న అంకెలు మాత్రమే. సాధారణ దినాలలో నోటీసులు, సిలబసు, పాత సంచికలు చదివేవారి వలన సగటున సెకనుకు 2 మెగాబిట్లు పోతున్నవనుకుందాము. పరీక్షల ముందు పది సాయంత్రాలు, ఏడు గంటల నుండి పదకొండు గంటల వరకు, 200 మంది విద్యార్థులు అధ్యాపకుల వీడియో పాఠాలను చూస్తారనుకుందాము. ఒక్కొక్కరికి సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున ఆ నాలుగు గంటలూ 200 మెగాబిట్ల వేగం కావలసి వస్తుంది. ఒక సాయంత్రానికి 360 గిగాబైట్లు. పది సాయంత్రాలకు 3.6 టెరాబైట్లు. మామూలు వాడకాన్ని కలుపుకుంటే ఆ నెలకు సుమారు 4.2 టెరాబైట్లు. పరీక్షలు లేని నెలకు 0.65 టెరాబైట్లకు లోపే. అనగా సంవత్సరంలో అత్యధిక భాగం ప్రశాంతత, రెండు మూడు సందర్భాలలో హఠాత్తుగా వెల్లువ. వానాకాలపు వాగు స్వభావం ఇదే. ఏడాది పొడుగునా ఒకే తీరున పారే నదికి చెప్పిన లెక్కలు వాగుకు పనికిరావు.

ఈ ఒకే నెలను నాలుగు తక్కెడలలోను తూచి చూద్దాము.

మొదటిది మీటరు. పెద్ద క్లౌడ్ సంస్థలు సాధారణంగా ఈ పద్ధతినే పాటిస్తున్నవి. అమెజాన్ సంస్థ ముంబయి కేంద్రం నుండి బయటకు పోయే గిగాబైటుకు 2024లో 0.1093 డాలరు చొప్పున, నెలకు మొదటి 100 గిగాబైట్లు ఉచితంగా విడిచి, వసూలు చేసినది. ఆ లెక్కన మన మామూలు నెలకు 60 డాలర్లు, పరీక్షల నెలకు దాదాపు 450 డాలర్లు అవుతుంది. డాలరుకు 84 రూపాయలు కట్టినా పరీక్షల నెల బిల్లు 38 వేలకు చేరువ. 18 శాతం జీఎస్టీ కలిపితే 44 వేలు దాటుతుంది. సరకు వ్యాపారి తాను కట్టిన పన్నును అమ్మకపు పన్నులో సర్దుకొనగలడు. విద్యాసేవలకు ఆ పన్ను మినహాయింపు ఉన్నందున కళాశాలకు అటువంటి సర్దుబాటు లేదు. కట్టినది కట్టినట్లే పోతుంది. ఇది యంత్రం అద్దె కాక, కేవలం బయటకు పోయిన సమాచారానికి అయ్యే ఖర్చు అని గమనించవలసి ఉన్నది.

మీటరు పద్ధతి అన్యాయమని మేము చెప్పబోవడంలేదు. వాడినంతకే చెల్లించడంలో ఒక ధర్మం ఉన్నది. కాని ఆ ధర్మం వాడకం మన చేతిలో ఉన్నప్పుడే వర్తిస్తుంది. ఇంటి దీపాన్ని మనమే వెలిగిస్తాము, మనమే ఆర్పుతాము. సర్వరు తలుపు మాత్రం లోకానికంతటికీ తెరచి ఉంటుంది. మన విద్యార్థి చదివినా మీటరు తిరుగుతుంది; సెర్చి సంస్థల యంత్రాలు వచ్చి పుటలన్నీ తోడుకొని పోయినా తిరుగుతుంది; కృత్రిమ మేధకు మేత కోసం పాత సంచికలను వేలసార్లు దించుకున్నా తిరుగుతుంది; గిట్టనివారు కావాలని తాకిడి కలిగించినా తిరుగుతుంది. ఎవరో పారబోసిన నీటికి పన్ను మన పేర వస్తుంది. విరాళాల మీద, విద్యార్థుల ఫీజుల మీద నడిచే సంస్థ, పైమొత్తం ఎంతో ముందుగా తెలియని బిల్లుకు పూచీపడడం వివేకం కాదు.

రెండవది కోటా. నెలకు 2 టెరాబైట్ల కోటా గల పథకాన్ని తీసుకున్నామనుకోండి. నెల సగం గడిచిన తరువాత పరీక్షల తాకిడి మొదలైతే, అయిదవ సాయంత్రం కోటా అయిపోతుంది. ఆ తరువాత జరిగేది ఏమిటి? ఇక్కడనే ఒప్పందంలోని చిన్న అక్షరాలు పెద్ద మాట చెబుతవి. కొందరు అదనపు గిగాబైట్లకు విడిగా వెల వేస్తారు; అప్పుడది మరల మీటరే. కొందరు వేగాన్ని నెలాఖరు వరకు బాగా తగ్గిస్తారు. కొందరు సైటునే నిలిపివేస్తారు. ఈ మూడింటికీ హస్తిమశకాంతరం ఉన్నది. వేగం తగ్గితే విద్యార్థి ఆలస్యంగానైనా నోటీసు చదువుకొనగలడు. సైటు నిలిచిపోతే వాని పాలిట కళాశాలే మూతపడినట్లు. మనకు గత సంవత్సరం అనుభవమైనది ఈ మూడవ రకం. ధరల పట్టికలో ఈ మూడు రకాల కోటాలూ ఒకే విధంగా కనిపిస్తవి. బయటకు పోయేదానినే లెక్కించుతారా, లోపలికి వచ్చేదానిని కూడ కలుపుతారా అన్నది కూడ పట్టికలో కనిపించదు. అడిగి వ్రాయించుకోవలసినదే.

మూడవదైన 95వ శతాంశ పద్ధతి మిక్కిలి చమత్కారమైనది. గణితశాఖ విద్యార్థులు దీనిని ప్రత్యేకంగా గమనించవలసినదిగా కోరుతున్నాము. 30 రోజులలో అయిదేసి నిమిషాల కొలతలు 8,640 వస్తవి. వాటిని పెద్దదాని నుండి చిన్నదానికి వరుసగా పేర్చి, పైనున్న 5 శాతాన్ని, అనగా 432 కొలతలను, తీసివేస్తారు. మిగిలినవాటిలో అన్నిటికంటె పెద్దదానికి బిల్లు వేస్తారు. 432 కొలతలంటే సరిగా 36 గంటలు. నెలలో 36 గంటల వరకు ఎంత వేగం వాడినా లెక్కలోకి రాదన్నమాట. ప్రవేశాల జాబితా వంటి ఒక్కరోజు తాకిడికి ఇంతకంటె అనుకూలమైన పద్ధతి లేదు.

కాని మన పరీక్షల నెలను చూడండి. తొమ్మిది సాయంత్రాలు, నాలుగేసి గంటలు. సరిగా 36 గంటలు. అంతవరకు ఆగితే మన బిల్లు 2 మెగాబిట్లకే. పదవ సాయంత్రం కూడ విద్యార్థులు పాఠాలు చూశారా, ఆ నెలకంతటికీ బిల్లు 200 మెగాబిట్లకు. ఒక్క సాయంత్రం ఎక్కువ చదివినందుకు నూరురెట్లు! పరీక్షకు ముందురోజు సాయంత్రం చదువవద్దని విద్యార్థులకు చెప్పే కళాశాల లోకంలో ఉంటుందా? ప్రతి నెలా గ్రాఫులు చూసి, వేగాన్ని అదుపు చేసే నిపుణులు గల పెద్ద సంస్థలకు ఈ పద్ధతి లాభసాటి. కంప్యూటర్ ప్రయోగశాలను చూసుకొనే ఒక్క సహాయకునితో నెట్టుకొని వస్తున్న మనకు ఇది కత్తిమీద సాము.

నాలుగవది గుత్త. 100 మెగాబిట్ల పోర్టుకు నెలకు ఇంత అని ఒకే మొత్తం. పరీక్షల సాయంత్రం 200 మంది ఒకేసారి వస్తే ఒక్కొక్కరికి అర మెగాబిట్ వేగం దక్కుతుంది. బొమ్మ కొంత మసకగా వస్తుంది, అక్కడక్కడ ఆగవచ్చును. కాని సైటు మూతపడదు, బిల్లు పెరగదు. పాఠాలను రెండు మూడు పరిమాణాలలో తయారుచేసి పెట్టుకుంటే ఆ మసక కూడ చదువుకు అడ్డు కాదు. ఉపాధ్యాయుని కంఠం, నల్లబల్లపై అక్షరాలు స్పష్టంగా అందితే చాలును. నెల మొత్తం చూస్తే ఈ పోర్టు మోయగల 32.4 టెరాబైట్లలో మనకు కావలసినది ఎనిమిదవ వంతుకు కొంచెం ఎక్కువ మాత్రమే.

గుత్తలోను మోసపోవడానికి అవకాశం లేకపోలేదు. “అపరిమితం” అని పెద్ద అక్షరాలతో వ్రాసినంతమాత్రాన కాలువ అపరిమితం కాదు. లెక్కించకపోవడం వేరు, అంతులేకపోవడం వేరు. వెడల్పు ఎప్పుడూ పరిమితమే. పైగా ఆ వెడల్పు మనకొక్కరికే కేటాయించినదా, లేక ఒకే కాలువ మీద పదిమంది సర్వర్లను కట్టి పంచుతున్నారా అన్నది తెలుసుకోవాలి. “న్యాయమైన వాడకం” అనే షరతు ఉన్నచోట, న్యాయం ఎన్ని టెరాబైట్ల దగ్గర అన్యాయమవుతుందో అంకెలలో వ్రాసి ఇమ్మని అడగాలి. అంకె ఇవ్వనివారి అపరిమితానికి విలువ లేదు.

ఇంతవరకు చదివిన విజ్ఞులు ఒక ప్రశ్న వేయవచ్చును. విదేశాలలో ఇంతకంటె చౌకగా దొరుకుతున్నదికదా, అక్కడనే తీసుకొనరాదా అని. ప్రశ్న సహేతుకమే. జర్మనీకి చెందిన హెట్జ్‌నర్ సంస్థ 2018లో తన డెడికేటెడ్ సర్వర్లకు ఒక గిగాబిట్ పోర్టుపై నెలసరి పరిమితిని తొలగించినది. పది గిగాబిట్ల పోర్టు తీసుకున్నవారికి సైతం 20 టెరాబైట్ల వరకు ఉచితంగా ఇచ్చి, ఆపైన టెరాబైటుకు ఒక యూరో చొప్పున ధర పెట్టినది. ముంబయి క్లౌడ్ మీటరు ప్రకారం అదే టెరాబైటు 109 డాలర్లు. ఇంతటి వ్యత్యాసానికి కారణాలు లేకపోలేదు. ఫ్రాంక్‌ఫర్టులో 1995లోనే నెట్‌వర్కులు పరస్పరం సమాచారాన్ని మార్చుకొనే కూడలి ఏర్పడినది. మన దేశంలో నిక్సీ అనే కూడలి సంస్థ ఏర్పడినది 2003లో. నెట్‌వర్కులు ఎంత దగ్గరగా, ఎంత విరివిగా కలుసుకుంటే రవాణా అంత చౌక అవుతుంది. అయితే ధర అంతా ఖర్చు వలన పుట్టినదే అనుకోవడమూ పొరపాటే. తమ క్లౌడును పూర్తిగా విడిచి వెళ్లే ఖాతాదారులకు, సమాచారాన్ని తరలించుకొనే రుసుమును గూగుల్ 2024 జనవరిలోను, అమెజాన్ అదే సంవత్సరం మార్చిలోను రద్దు చేసినవి. అప్పటికి యూరపు దేశాల డేటా చట్టం అమలుకు రానున్నది. 2025 సెప్టెంబరు 12 నుండి వచ్చినది. చట్టం రాబోతున్నదనగానే తగ్గగల ధరలో కొంత భాగం రాగి తీగలదీ గాజు తీగలదీ కాదు, వ్యాపార విధానానిది.

అయినప్పటికీ మన సర్వరు మన దేశంలోనే ఉండడం మేలని మా అభిప్రాయం. జర్మనీ ఇక్కడికి సుమారు ఏడువేల కిలోమీటర్లు. గాజు తీగలో వెలుతురు సెకనుకు రెండులక్షల కిలోమీటర్లు పోగలదు కనుక, తీగ ఎంత సూటిగా ఉన్నా ఒక ప్రశ్న పోయి జవాబు రావడానికి సెకనులో పదునాల్గవ వంతు పడుతుంది. సముద్రం క్రింది తీగలు చుట్టు తిరిగి పోతవి కనుక వాస్తవంలో ఇంకా ఎక్కువ. పాఠం చూడడానికి అది పెద్ద అడ్డంకి కాదు. అసలు అడ్డంకి మరొకటి. 2025 సెప్టెంబరులో ఎర్రసముద్రంలో జెడ్డా సమీపాన కేబుళ్లు దెబ్బతిన్నప్పుడు భారతదేశంలోను, పాకిస్తానులోను ఇంటర్నెట్టు వేగం తగ్గినది. మన పరీక్షల వారంలో అటువంటి అవాంతరం వస్తే, పక్క మండలంలోని విద్యార్థికి అందవలసిన పాఠం ఎర్రసముద్రం దగ్గర చిక్కుకొని ఉంటుంది. విదేశీ బిల్లు విదేశీ నాణెంలో ఉంటుంది కనుక రూపాయి విలువ మారినప్పుడల్లా మన పద్దు కూడ మారుతుంది. కావున పాత సంచికల అదనపు ప్రతిని భద్రత కోసం అక్కడ ఉంచుకోవచ్చును గాని, నిత్యం వాడే సర్వరు ఇక్కడ ఉండడమే ఉచితం.

ఇక మన రెండు భాషలకు సంబంధించిన ఒక ముఖ్యవిషయాన్ని పాలకవర్గం దృష్టికి తేవలసి ఉన్నది. యూనికోడ్ పద్ధతిలో తెలుగు అక్షరం ఒక్కొక్కదానికి మూడు బైట్లు, ఉర్దూ అక్షరానికి రెండు బైట్లు పడుతవి. రెండువేల అక్షరాల పుట తెలుగులో 6 వేల బైట్లు, ఉర్దూలో 4 వేల బైట్లు. అనగా అక్షరాలుగా ఉన్నప్పుడు ఉర్దూయే తేలిక. కాని మన సంచికలోని పాత ఉర్దూ భాగం కాతిబుల చేతివ్రాత. ఆ నస్తలీఖ్ పుటలను ఫోటోలుగా తప్ప అక్షరాలుగా ఎక్కించడం సులభసాధ్యం కాదు. తరువాతి కాలంలో ఇన్‌పేజ్‌లో కూర్చిన పుటలను సైతం బొమ్మలుగానే పెట్టడం మనకు అలవాటైపోయినది. బొమ్మగా పెట్టిన పుట ఎంత కుదించినా మూడులక్షల బైట్లకు తక్కువ కాదనుకుంటే, నూరు పుటల భాగం 30 మెగాబైట్లు. అక్షరాలుగా ఉన్న తెలుగు భాగం 0.6 మెగాబైటు. ఒకే సంచికలోని రెండు భాగాలకు యాభైరెట్లు తేడా!

ఈ తేడా ఎందుకు ప్రమాదమంటే, మీటరు లేక కోటా పద్ధతిలో ఉన్నప్పుడు ఖర్చు తగ్గించవలసి వచ్చిన కార్యదర్శి చూపు ముందుగా బరువైన పుటల మీద పడుతుంది. దురుద్దేశం ఏమీ లేకుండానే, కేవలం పొదుపు పేరిట, పాత ఉర్దూ సంచికలను సర్వరు నుండి దించివేయడం జరుగవచ్చును. చేతివ్రాత ప్రెస్సు కాలపు ఆ సంచికలకు వేరే ప్రతులు మన గ్రంథాలయంలో కొద్దిగానే ఉన్నవి. కొన్నిటికి చెదలు పట్టినవి. ఏ పుటను ఎవరు ఎన్నిసార్లు చదివితే ఎంత ఖర్చు అన్న లెక్క గుత్తలో ఉండదు. ఏ భాష పుటా సంస్థకు బరువుగా కనిపించదు. మేము గుత్తను కోరడానికి గల కారణాలలో ఇది చిన్నది కాదు.

అసలు ఒక కళాశాలకు సొంత సర్వరు ఎందుకు, నోటీసులకు ఇతరులతో పంచుకొనే చౌక సైటు చాలదా అని అడిగే పెద్దలూ ఉన్నారు. కేవలం నోటీసులకైతే నిశ్చయంగా చాలును. ఆ మాట దాచవలసిన పనిలేదు. వీడియో పాఠాలు, పాత సంచికలు, ప్రవేశాల జాబితాలు అన్నీ ఒకచోట పెట్టదలచినందువలననే ఈ యంత్రం అవసరమైనది. ఆ మూడూ పెట్టని పక్షంలో ఈ ఖర్చు మానుకోవడమే మంచిది. యంత్రాన్ని తీసుకొని ఖాళీగా ఉంచడం కంటె, ఆ సొమ్ముతో గ్రంథాలయానికి పుస్తకాలు కొనడం శ్రేయస్కరం.

తీసుకొనే పక్షంలో పాలకవర్గం వారికి మా సూచనలు ఇవి. మొదట మూడు నెలలపాటు ఇప్పటి వాడకాన్ని గంటల వారీగా కొలిపించి ఆ పట్టికను నోటీసు బోర్డుపై పెట్టించాలి. కొటేషన్లను సగటు నెలకు కాక, మిక్కిలి తాకిడి గల నెలకు లెక్కకట్టి సరిపోల్చాలి. పరిమితి దాటినప్పుడు ఏమి జరుగునో ప్రతి సంస్థనుండి వ్రాతమూలకంగా తీసుకోవాలి. సైటును నిలిపివేసే షరతు ఉన్న పథకాన్ని ఎంత చౌక అయినా తిరస్కరించాలి. వేగం మనకే కేటాయించిన 100 మెగాబిట్ల గుత్త పోర్టుకు ప్రాధాన్యం ఇవ్వాలి. అవసరమైతే పరీక్షల నెలలలో మాత్రం దానిని పెంచుకొనే వీలును ముందే మాట్లాడుకోవాలి. ఒప్పందాన్ని మొదట ఏడాదికి మించి చేసుకొనరాదు. ప్రవేశాల జాబితాను బొమ్మగా కాక అక్షరాలుగా పెట్టాలి. కొద్ది కిలోబైట్ల జాబితాను ఎంత మంది చూసినా ఏ పోర్టూ అలసిపోదు. పాఠాల ప్రతిని కళాశాల గ్రంథాలయంలోని కంప్యూటరులో కూడ ఉంచితే, ఆవరణలో చదువుకొనేవారు బయటి కాలువను వాడనవసరం ఉండదు.

విద్యార్థి సోదరసోదరీమణులకు కూడ మాదొక మనవి. కళాశాలలో ఉండి చదువగల అవకాశం ఉన్నవారు పాఠాన్ని గ్రంథాలయంలో చూడండి. లేక ఒకసారి దించుకొని పదిమంది కలిసి చూడండి. మీరు విడిచిన ఆ కొద్దిపాటి వేగం ఎక్కడో సిగ్నలు సరిగా అందని ఊరిలో ఫోనును కిటికీ దగ్గర పెట్టుకొని ఎదురుచూసే సహాధ్యాయికి చేరుతుంది. గుత్త కాలువలో నీరు ఒకరు ఎక్కువ తోడుకుంటే కాలువ చివర ఉన్నవారికి తక్కువ అందుతుంది. మీటరు డబ్బుతో అదుపు చేసేదానిని గుత్తలో మన సభ్యత అదుపు చేయాలి. ఇది ఈ పద్ధతిలోని లోపమని కొందరు అంటారు. కళాశాల అనేది ఇటువంటి సభ్యతను నేర్చుకొనే చోటు అని మేము భావిస్తున్నాము.

వచ్చే సంవత్సరం ప్రవేశాల జాబితా వెలువడే సాయంత్రం మన సైటు నెమ్మదిగా తెరుచుకున్నా మేము విచారించము. తెరుచుకోకుండా మాత్రం ఉండకూడదు. కొటేషన్లలో ఏది చౌక అని చూసే ముందు, ఆ సాయంత్రం ఏ పథకం తలుపు మూయదో చూడవలసినదిగా పాలకవర్గం పెద్దలను సవినయంగా కోరుతూ, మా ఈ విన్నపాన్ని సహృదయంతో పరిశీలింతురని ఆశిస్తున్నాము.